రక్షణ పోతుందా? హెచ్చరిక వచనాలను చదివే నాలుగు పద్ధతులు, ఏది ఎక్కడ నిలుస్తుంది

యోహాను 10:28లో ప్రభువు తన గొర్రెల గురించి "అవి ఎన్నటికిని నశింపవు, ఎవడును వాటిని నా చేతిలోనుండి అపహరింపడు" అంటాడు. అదే సువార్త 15వ అధ్యాయంలో, తనలో నిలవని తీగె బయట పారవేయబడి, ఎండిపోయి, అగ్నిలో కాలిపోతుందని కూడా ఆయనే అంటాడు. మొదటి వచనాన్ని గోడకు తగిలించి రెండోదాన్ని దాటేసే సంఘాలున్నాయి. రెండోదాన్నే ప్రతి కూటంలో వినిపించి మొదటిదాన్ని మరిచిపోయేవీ ఉన్నాయి.

తప్పిపోయినవారిని మళ్లీ మారుమనస్సుకు తేవడం అసాధ్యమనే హెబ్రీ 6 మీద మాట్లాడాల్సినవాళ్లూ, బైబిల్ స్టడీ నడిపేవాళ్లూ, "నా రక్షణ పోయిందేమో" అని కుమిలిపోయేవాళ్ల పక్కన కూర్చోవాల్సినవాళ్లూ ఇలాంటి వచనాలను ఏదో ఒక పద్ధతిలో చదవక తప్పదు. వాడుకలో ముఖ్యంగా నాలుగు పద్ధతులున్నాయి. మా ఉద్దేశం ముందే చెప్పేస్తాం: ఒకే పద్ధతిని బైబిలంతటికీ రుద్దితే ఎక్కడో ఒకచోట వచనం మెడ విరవాల్సి వస్తుంది. అయినా ఒకటి చేతపట్టుకుని బయలుదేరాలంటే నాలుగోదే, అంటే హెచ్చరికనే దేవుడు కాపాడే సాధనంగా చూసేదే మేలు.

మీకు ముందే అబ్బిన పద్ధతి

మీరు పెరిగిన సంఘం ఈ నాలుగింటిలో ఒకదాన్ని మీకు చిన్నప్పుడే నేర్పి ఉంటుంది. 1842లో గుంటూరులో మిషనరీ హేయర్ మొదలుపెట్టిన పని నుంచి వచ్చిన లూథరన్ సంఘాల వెనక 1530 నాటి ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రకటన ఉంది. ఒకసారి నీతిమంతులుగా తీర్చబడినవారు పరిశుద్ధాత్మను పోగొట్టుకోలేరు అనే బోధను దాని 12వ అంశం ఖండించింది. బాప్టిస్టు, బ్రదరెన్ సంఘాల్లో ఎక్కువగా వినిపించేది "ఒకసారి రక్షణ, ఎప్పటికీ రక్షణ". పెంతెకొస్తు వేదికల మీద సాధారణంగా దీనికి ఎదురు మాట వినిపిస్తుంది. 1947లో ఆంగ్లికన్, మెథడిస్టు, ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ ధారలు కలిసి ఏర్పడిన సి.ఎస్.ఐ.లో అయితే పాస్టర్ గారు మారినప్పుడల్లా జవాబు మారినా ఆశ్చర్యం లేదు. చావైన పాపం (ఆత్మకు చావు తెచ్చే ఘోర పాపం) వల్ల కృప పోతుందనీ, పాపసంకీర్తనం (గురువు ముందు పాపాలు ఒప్పుకోవడం) ద్వారా మళ్లీ దొరుకుతుందనీ కతోలిక సంఘం 1547లో ట్రెంట్ సభలో తీర్మానించింది.

ఇది ముందుగా గుర్తుపట్టడం ఎందుకంటే, చాలా వాదాల్లో మనం వచనాన్ని సమర్థించడం లేదు, మనం పెరిగిన సంఘాన్ని సమర్థిస్తున్నాం.

మొదటిది: నిజ విశ్వాసి కూడా పడిపోగలడు

హెచ్చరికను ఉన్నదున్నట్టు తీసుకోవడం దీని బలం. హెబ్రీ 10:29లో తీర్పుకు గురయ్యేవాడు నిబంధన రక్తం చేత పరిశుద్ధపరచబడినవాడని రచయితే అంటున్నాడు. అతను బయటివాడని చెప్పాలంటే కష్టపడాలి. రోమా 11:22 కూడా అంతే సూటిగా ఉంటుంది: నిలవకపోతే నీవూ నరికివేయబడతావు.

ఈ పద్ధతిలో లోపల రెండు దారులున్నాయి, వాటిని కలిపేయడం వల్లే గొడవంతా. పడినవాడు తిరిగి రావచ్చు అన్నది మెథడిస్టుల మూలపురుషుడు వెస్లీ దారి, లూథరన్ల దారి. పూర్తిగా తప్పిపోయినవాడికి తిరిగి రావడం లేదన్నది హెబ్రీ 6:6ను ఉన్నంత కఠినంగా పట్టుకున్నవారి దారి. మీరు ఏ దారిలో ఉన్నారో తేల్చుకోకుండా ఈ పద్ధతిని బోధిస్తే, వినేవాడు కోపగించిన ప్రతిసారీ రక్షణ పోయిందనీ, ఆదివారం చేతులెత్తితే తిరిగి వచ్చిందనీ లెక్కపెట్టుకుంటాడు. ఆ లెక్కకు వాక్యంలో ఆధారం లేదు. హెబ్రీ పత్రిక మాట్లాడుతున్నది దేవుని కుమారుణ్ణి బాహాటంగా అవమానపరచి ఆయన్ను వదిలేయడం గురించి. రోజూ పడి లేచే బలహీనత వేరు.

ఒక చరిత్ర విషయం చాలామందికి తెలియదు. రక్షణ పోగలదనే బోధకు పేరుగా మారిన డచ్చి వేదాంతి అర్మీనియస్ అనుచరులు 1610లో రాసుకున్న ఐదు అంశాల్లో చివరిది, విశ్వాసి పూర్తిగా పడిపోగలడా అన్నదాన్ని తేల్చకుండా, లేఖనాల నుంచి ఇంకా పరిశీలించాలని వదిలేసింది. అంటే ఆ పేరుతో నడిచే బోధే మొదట్లో ఈ విషయంలో తొందరపడలేదు.

రెండోది: పోయినవాడు మొదటినుంచీ మనవాడు కాడు

దీనికి ప్రాణం 1 యోహాను 2:19: "వారు మనలోనుండి బయలువెళ్లిరి గాని వారు మన సంబంధులు కారు." మత్తయి 7:23లో "నేను మిమ్మును ఎన్నడును ఎరుగను" అన్న మాట కూడా ఇటే మొగ్గుతుంది. ఒకప్పుడు ఎరిగి ఇప్పుడు మరిచానని ప్రభువు అనలేదు.

ఇది చెడిపోయేది వాడకంలో. యోహాను ఆ మాట రాసింది వాళ్లు వెళ్లిపోయాక, వెనక్కి తిరిగి చూసి. దాన్ని ముందుకు తిప్పి, బతికున్న మనిషి మీద, నిన్నటిదాకా పక్కన కూర్చుని ప్రభువు బల్లలో పాలుపొందినవాడి మీద ముద్రగా వేస్తే అది తీర్పే అవుతుంది. తన మీద తాను వేసుకుంటే ఇంకా చేటు: "నాది అసలు నిజమైన మారుమనస్సేనా?" అని లోపలికి తవ్వుకుంటూ పోయేవాడికి అడుగు ఎప్పటికీ తగలదు. పైగా హెబ్రీ 6:4-5లోని జాబితా ఈ పద్ధతికి కొరుకుడు పడదు. వెలిగింపబడడం, పరలోక వరాన్ని రుచి చూడడం, పరిశుద్ధాత్మలో పాలివారవడం, వాక్యాన్నీ రాబోయే యుగపు శక్తుల్నీ అనుభవించడం: ఇన్ని చెప్పాక "పైపైన మాత్రమే" అనడానికి చాలా నేర్పు కావాలి. అయితే అక్కడే 7, 8 వచనాల్లో, ఒకే వాన తాగి ఒక నేల పంటనీ ఇంకో నేల ముళ్లతుప్పల్నీ ఇచ్చే పోలిక మాత్రం ఈ పద్ధతికి నిజంగానే తోడ్పడుతుంది. వాన నేలనుబట్టి మారలేదు.

మూడోది: పోయేది బహుమానమే, రక్షణ కాదు

కృప ఉచితమన్న మాటను ఇంత గట్టిగా పట్టుకున్న పద్ధతి మరొకటి లేదు. దీనికి తిరుగులేని వచనం 1 కొరింథీ 3:15: పని కాలిపోతుంది, అతనికి నష్టం కలుగుతుంది, "అతడు తనమట్టుకు రక్షింపబడును". కాదేషు ఉదాహరణ కూడా వీరి చేతిలో బలంగానే ఉంటుంది. సంఖ్యాకాండము 14:20లో యెహోవా క్షమించానంటాడు, కానీ ఆ తరం కనానులో అడుగుపెట్టకుండానే అరణ్యంలో రాలిపోతుంది. హెబ్రీ 3, 4 అధ్యాయాలు ఆ కథ మీదే కట్టినవి కాబట్టి దీన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం.

కొట్టుకుపోయేది 10వ అధ్యాయం చివర. అక్కడ రచయిత రెండే గుంపుల్ని చూపిస్తాడు: నశించడానికి వెనకతీసేవారు, ఆత్మను రక్షించుకునేలా విశ్వసించేవారు. బహుమానం తక్కువైన మూడో గుంపుకు 10:39లో చోటు లేదు. ఆచరణలో జరిగే నష్టం మరొకటి. ఎప్పుడో ఒక సువార్త కూటంలో చెయ్యెత్తి, తర్వాత ప్రభువుతో ఏ సంబంధమూ లేకుండా బతికినవాణ్ణి "రక్షణకు ఢోకా లేదు" అని నిశ్చింతగా పంపేస్తాం. అతనికి అందాల్సిన హెచ్చరిక అందకుండా అడ్డం నిలబడింది మనమే అవుతాం.

నాలుగోది: హెచ్చరికే కాపాడే సాధనం

దేవుడు తన వారిని చివరిదాకా కాపాడతాడు, ఆ కాపాడే పనిలో ఆయన వాడే పనిముట్లలో హెచ్చరిక ఒకటి. "పడిపోనివాడికి పడిపోతావని చెప్పడం ఉత్త బెదిరింపు కదా?" అని వెంటనే అడుగుతారు. దానికి జవాబు అపొస్తలుల కార్యములు 27లో ఉంది, దగ్గరగా చూడాలి.

ఓడలో 276 మంది. పద్నాలుగో రాత్రి, ఆద్రియ సముద్రంలో కొట్టుకుపోతున్నారు. ఓడలో ఉన్నవారందరినీ దేవుడు తనకు అనుగ్రహించాడనీ, ఒక్క ప్రాణానికీ హాని కలగదనీ పౌలు ముందే చెప్పాడు. ఇంతలో ఓడవారు అనివి (ఓడ ముందుభాగం) నుంచి లంగరులు వేస్తున్నట్టు నటిస్తూ పడవను సముద్రంలోకి దింపి పారిపోబోయారు. అప్పుడు పౌలు శతాధిపతితో, వీరు ఓడలో ఉంటేనే గాని మీరు తప్పించుకోలేరు అంటాడు. సైనికులు పడవ తాళ్లు కోసేశారు. తెల్లవారాక ఈత వచ్చినవారు ఈదారు, మిగిలినవారు పలకలమీదా ఓడ చెక్కలమీదా తేలుతూ వచ్చారు. అందరూ దరి చేరారు. వాగ్దానం ఖాయంగా ఉంది, హెచ్చరికా నిజంగానే ఉంది, ఆ వాగ్దానం నెరవేరింది హెచ్చరిక విని తాళ్లు కోసిన కత్తుల ద్వారా. "ఎలాగూ బతుకుతాం కదా" అని సైనికుల్లో ఎవరూ చేతులు కట్టుకు కూర్చోలేదు.

ఇది నిన్నమొన్న పుట్టిన సర్దుబాటు కాదు. 1618 నవంబరు నుంచి 1619 మే వరకు నెదర్లాండ్స్‌లో జరిగిన రిఫార్మ్డ్ సంఘాల డోర్ట్ సభ పరిశుద్ధుల నిలకడ గురించి రాసిన ఐదో భాగం 14వ అంశంలో, దేవుడు తాను మొదలుపెట్టిన పనిని వాక్యంలోని ప్రోత్సాహాలు, బెదిరింపులు, వాగ్దానాల ద్వారానూ సంస్కారాల ద్వారానూ కొనసాగిస్తాడని స్పష్టంగా చెప్పింది. "డోర్ట్ అంటే హెచ్చరికలు అక్కర్లేదన్నవాళ్లు" అనుకునేవారు ఆ అంశాన్ని చదవలేదు.

దీని లోటు కూడా చెప్పాలి. హెచ్చరిక విన్నా వెళ్లిపోయినవాడి సంగతేమిటంటే ఈ పద్ధతి దగ్గర సొంత జవాబు లేదు. రెండో పద్ధతి దగ్గరికెళ్లి అప్పు తెచ్చుకోవాలి.

హెబ్రీ 6 ఊహాజనితం, అలా ఎవరికీ జరగదు అనే ఐదో మాట కూడా వింటుంటాం. ఎవరికీ జరగనిదానికి ఒకే పత్రికలో ఐదుసార్లు (2:1-4, 3:7 నుంచి 4:13, 5:11 నుంచి 6:12, 10:19-39, 12:14-29) హెచ్చరించడం ఎందుకో ఆ మాట అన్నవారు చెప్పాలి.

వచనం ముందు కూర్చున్నప్పుడు

కాగితం మీద మూడు గడులు గీసుకోండి: ఎవరితో మాట్లాడుతున్నాడు, ఏం చేస్తే, ఏం జరుగుతుంది. గడుల్లో వచనంలోని మాటలే రాయాలి, మీ వివరణ రాయకూడదు. తర్వాత పైన పది వచనాలు, కింద పది వచనాలు చదవాలి. హెబ్రీ పత్రికైతే ఒకసారి మొత్తం గట్టిగా చదివేయండి, గంట చాలు. 13:22లో రచయితే దాన్ని "హెచ్చరిక మాట" అంటాడు, విడి వచనాల మూటగా కాదు.

నిప్పు కనిపించిన ప్రతిచోటా ఒక ప్రశ్న అడగాలి: ఇక్కడ ఏది కాలుతోంది? 1 కొరింథీ 3లో కాలేది కర్ర, గడ్డి, కొయ్యకాలు, అంటే పని, మనిషి బయటపడతాడు. యోహాను 15:6లో కాలేది తీగె, అంటే మనిషే. హెబ్రీ 10:27లో దహింపబడేది విరోధులు. మూడో పద్ధతివారు మొదటిచోటి నిప్పును రెండోచోటికి మోసుకెళ్లడం, మొదటి పద్ధతివారు రెండోచోటి నిప్పును మొదటిచోటికి మోసుకెళ్లడం, తరచు జరిగే తప్పులు ఈ రెండే.

ద్రాక్షావల్లి దగ్గర కాస్త ఆగుదాం. పాలస్తీనాలో ద్రాక్ష తీగెల్ని ఏటా చలికాలంలో, ఆకు రాలి నిద్రపోతున్నప్పుడు కత్తిరిస్తారు. మన దగ్గర, హైదరాబాద్ చుట్టుపక్కల తోటల్లో, చెట్టు నిద్రపోదు కాబట్టి ఏప్రిల్‌లో ఒకసారి, అక్టోబర్‌లో పంట కోసం ఇంకోసారి కత్తిరింపు ఉంటుంది. ఎక్కడైనా కత్తెర పడేది పండే తీగె మీదే. కాబట్టి యోహాను 15:2లో ఫలించే తీగెకు కూడా కోత ఉంది. శ్రమ వచ్చిందంటే తీసి పారేశాడని అర్థం కాదు. ఇక కోసి పారేసిన కర్ర సంగతి యెహెజ్కేలు 15లో ఉంది: ద్రాక్షకర్ర దేనికీ పనికిరాదు, దాంతో మేకు కూడా చేయలేం, పొయ్యిలోకే. శిష్యులకు ఆ అధ్యాయం తెలుసు. ద్రాక్షావల్లి అంటే ఇశ్రాయేలు అన్న సంగతీ కీర్తన 80 నుంచీ, యెషయా 5 నుంచీ వాళ్లకు తెలుసు.

ఆ తీగె ముందు నిజంగా బతికిందా లేదా అన్నది మొదటి, రెండో పద్ధతుల మధ్య పోరు. మొదటివారు "నాలో ఫలింపని" అన్న మాటను చూపిస్తారు. రెండోవారు యోహాను 13:10లో "మీలో అందరు పవిత్రులు కారు" అన్న మాట నుంచి, ఇస్కరియోతు యూదా చీకట్లోకి వెళ్లిపోయాక 15:3లో "మీరిప్పుడు పవిత్రులై యున్నారు" అన్న మాటకు గీత గీస్తారు. పారేసిన తీగె యూదా అంటారు. ఆ గీత మాకు బలంగానే కనిపిస్తుంది. కానీ అసలు గమనించాల్సింది ఇంకొకటి. "నాయందు నిలిచియుండుడి" అని ఏ రైతూ తీగెకు చెప్పడు, తీగె వినదు. ఆజ్ఞ వచ్చినచోటే పోలిక దాని హద్దు దాటేసింది. తీగె ఎలా పుట్టింది, లోపల రసం పారిందా అని పోలికను పిండితే అది చెప్పనివన్నీ చెప్పించినట్టే. అది చేయిస్తున్న పని ఒక్కటే: నిలిచి ఉండమనడం. ఇక్కడ నాలుగో పద్ధతి ఇబ్బంది లేకుండా నిలబడుతుంది.

ఒలీవ చెట్టు విషయంలో పౌలు స్వయంగా జాగ్రత్త చెప్పాడు: అడవి కొమ్మను మంచి చెట్టుకు అంటుకట్టడం "స్వభావవిరుద్ధముగా" జరిగింది అంటాడు రోమా 11:24లో. తోట పనిలో మంచి కొమ్మనే తెచ్చి అంటుకడతారని ఆయనకూ తెలుసు. అక్కడి మాట యూదులు, అన్యజనులు అనే రెండు జనాల గురించి మొదలైంది కాబట్టి ఒక్కో వ్యక్తి రక్షణ లెక్కగా మార్చే ముందు ఆగాలి. అలాగని 22వ వచనం "నీవు" అని ఏకవచనంలో వేలెత్తి చూపిస్తోంది, కాబట్టి పూర్తిగా జనాల మాటేనని తప్పించుకోనూ లేం. 23వ వచనాన్ని వదలొద్దు: విరిగిన కొమ్మల్ని దేవుడు మళ్లీ అంటుకట్టగలడు. పడినవాడికి తిరుగుదారి లేదనేవారు ఇక్కడ ఆగి జవాబివ్వాలి.

2 పేతురు 2 చివర కుక్క, పంది పోలిక మాత్రం రెండో పద్ధతిదే: కడిగినా పంది పందే. అయితే దానికి రెండు వచనాల ముందు, రక్షకుణ్ణి ఎరిగి లోకమాలిన్యాన్ని తప్పించుకున్నాక మళ్లీ చిక్కుకున్నారు అన్న మాట మొదటి పద్ధతి వైపు లాగుతుంది. జయించేవాడి పేరు జీవగ్రంథం నుంచి తుడిచేయనన్న ప్రకటన 3:5 అసలు హెచ్చరిక కాదు, వాగ్దానం. "తుడుపు పెట్టను" అన్నదాన్నుంచి తుడిచేసిన పేర్ల పట్టీ తయారుచేయడం అనవసరం.

ఎవరికి ఏది

భయపడుతున్నవాడికి హెబ్రీ 6 చదివి రెండో పద్ధతి బోధిస్తే మునుగుతున్నవాడి మెడకు రాయి కట్టినట్టు. అతన్ని అడగాల్సింది ఒక్కటే: నువ్వు క్రీస్తును వద్దనుకున్నావా, ఆయన కావాలనుకుంటున్నావా? కావాలంటే యోహాను 6:37 అతనిది: "నా యొద్దకు వచ్చువానిని నేనెంతమాత్రమును బయటికి త్రోసివేయను." ఏశావు ఏడ్చినా దొరకలేదు కదా అంటాడు (హెబ్రీ 12:17). ఆదికాండము 27:34-38 తెరిచి చూపించండి: ఏశావు ఏడ్చింది పోయిన ఆశీర్వాదం కోసం, అమ్ముకున్న జ్యేష్ఠత్వం గురించి పశ్చాత్తాపంతో కాదు. పేతురు మూడుసార్లు ఎరుగనన్నాడు, మూడుసార్లు "నా గొర్రెలను మేపుము" వంటి పిలుపు అందుకున్నాడు.

నిశ్చింతగా పాపంలో కూర్చున్నవాడికి యోహాను 10:28 ఒక్కటే ఇవ్వకండి. దాని ముందున్న 27వ వచనంలో ఆ గొర్రెలు స్వరం వింటాయి, వెంబడిస్తాయి.

హెబ్రీ 6 బోధిస్తుంటే 8వ వచనం దగ్గర ఆపొద్దు. 9లో రచయిత గొంతు మారుతుంది, "ప్రియులారా" అంటాడు, రక్షణకరమైన స్థితిలోనే ఉన్నారని నమ్ముతున్నానంటాడు. 12 దాకా చదివితేనే ఆ హెచ్చరిక ఆయన వేసిన మోతాదులో అందుతుంది. 3:13 చెప్పినట్టు "నేడు అనబడు సమయముండగానే" ప్రతిదినం ఒకరికొకరు బుద్ధి చెప్పుకోవడానికి, ముగ్గురు నలుగురు ఉండే చిన్న గుంపు ఏడాదికోసారి పెట్టే ఉజ్జీవ కూటాల కన్నా ఎక్కువ పనికొస్తుంది.

ఏళ్ల తర్వాత తిరిగొచ్చినవాడికి మళ్లీ బాప్తిస్మం ఇవ్వాలా అన్న ప్రశ్న దగ్గర ఈ నాలుగూ విడిపోతాయి. మొదటి పద్ధతిలోని లూథరన్లు, మెథడిస్టులు ఇవ్వరు, పశ్చాత్తాపం చాలంటారు. మూడోవారికి ఆ ప్రశ్నే రాదు. నాలుగోవారు అతన్ని హెచ్చరిక విని తిరిగి ఓడెక్కినవాడిగా చూస్తారు, కాబట్టి ఇవ్వరు. రెండోవారిలో బాప్టిస్టు తరహా సంఘాలు మాత్రం, అప్పుడు విశ్వాసం లేకుండా మునిగానని అతనే చెబితే, ఇప్పటిదే మొదటి బాప్తిస్మంగా ఇస్తాయి. ఆ మాట అతని నోటి నుంచే రావాలి. పెద్దలు అతని నోట్లో పెట్టకూడదు.